కర్త లేని వాక్యాలు: బడిలో చేదు చరిత్ర చెప్పడం ఎలా?

"ఆ ఏడాది బెంగాల్‌లో తీవ్రమైన కరువు వచ్చింది. లక్షలాది మంది మరణించారు."

ఈ రెండు వాక్యాల్లో అబద్ధం లేదు. 1943లో బెంగాల్‌లో సుమారు 30 లక్షల మంది ఆకలితో, ఆకలి తెచ్చిన రోగాలతో చనిపోయారని అంచనా. ఇప్పుడు ఎనిమిదో తరగతి పిల్లవాడిని పిలిచి ఈ వాక్యాల్లో కర్త ఎవరని అడగండి. మొదటి దాంట్లో కరువు, రెండో దాంట్లో చనిపోయినవాళ్లు అంటాడు. వ్యాకరణం ప్రకారం అదే సరైన జవాబు. వాన వచ్చినట్టు కరువు వచ్చింది, ఆయుష్షు తీరినట్టు జనం పోయారు.

అక్కడ జరిగింది వేరు. 1942లో బర్మా జపాన్ చేతికి చిక్కి అక్కడి నుంచి వచ్చే బియ్యం ఆగిపోయింది. శత్రువుకు ఉపయోగపడతాయన్న భయంతో తీరప్రాంతంలో పదిమందికి మించి ఎక్కగల పడవలను ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. చేపల వేట, ధాన్యం రవాణా రెండూ దెబ్బతిన్నాయి. సైన్యం కోసం, కలకత్తా నగరం కోసం ధాన్యం కొనుగోళ్లు సాగాయి, వ్యాపారులు దాచిపెట్టారు, ధర కూలివాడికి అందకుండా పోయింది. కరువొస్తే ప్రభుత్వం ఏం చెయ్యాలో చెప్పే కరువు నియమావళి చేతిలో ఉన్నా దాని ప్రకారం కరువును అధికారికంగా ప్రకటించనేలేదు. స్వాధీనం చేసుకున్నదెవరు, కొన్నదెవరు, దాచిందెవరు, ప్రకటించకుండా ఉన్నదెవరు? ప్రతి పనికీ ఒక కర్త ఉన్నాడు. "వచ్చింది" అనే ఒక్క క్రియ వాళ్లందరినీ పాఠంలోంచి తప్పించేసింది.

ఇలా తప్పించడానికి తెలుగులో సౌకర్యం ఎక్కువ. "ఘర్షణలు చోటుచేసుకున్నాయి", "ప్రాణనష్టం సంభవించింది", "ఉద్రిక్తత నెలకొంది", "అసువులు బాశారు". ఏ వాక్యంలోనూ ఎవరూ ఎవర్నీ ఏమీ చెయ్యరు. దేశ చరిత్రలోని బాధాకరమైన నిజాలను బడిలో చెప్పాలా వద్దా అన్న వాదన తరచూ పాఠం ఉంచాలా తీసెయ్యాలా అన్న దగ్గరే తిరుగుతుంది. పాఠం ఉంటూనే నిజం చెప్పకుండా ఉండవచ్చన్నది ఆ వాదనలో ఎవరికీ పట్టదు. చెప్పాలన్నదే ఈ వ్యాసం పక్షం. అయితే చెప్పే పద్ధతి తెలియకుండా చెబితే జరిగే నష్టం చిన్నది కాదు కాబట్టి, ఎక్కువ భాగం ఆ పద్ధతి గురించే.

మౌనం ఖాళీగా ఉండదు

వద్దనేవాళ్లు చెప్పే కారణాల్లో అన్నిటికంటే బలమైనది పాత గాయాలు రేగుతాయన్న భయం. దాన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యకూడదు. 1994లో ర్వాండాలో సుమారు 100 రోజుల్లో 8 లక్షల మందిని, ప్రధానంగా టుట్సీ అనే సమూహంవాళ్లను, చంపేశారు. చంపినవాళ్లలో పొరుగువాళ్లున్నారు, పాఠం చెప్పిన టీచర్లున్నారు. అంతకుముందు దశాబ్దాల పాటు బళ్లలో చెప్పిన చరిత్రే టుట్సీలను ఎక్కడినుంచో వచ్చిన పరాయి జాతిగా చూపించింది. అందుకే ఊచకోత తర్వాత కొత్త ప్రభుత్వం బళ్లలో దేశ చరిత్ర బోధనను నిలిపివేసింది. హంతకుడి కొడుకు, హతుడి కూతురు ఒకే బెంచీ మీద కూర్చున్న తరగతిలో, పాత విషం నిండిన పుస్తకంతో, శిక్షణ లేని టీచరు ఏం చెప్పగలడు? ఆ విరామం సబబే. కానీ విరామానికి ముగింపు తేదీ ఉండాలి. ర్వాండాలో ఆ ఖాళీ ఏళ్ల తరబడి సాగింది. ఆ ఏళ్లలో పిల్లలు చరిత్ర నేర్చుకోకుండా ఏమీ లేరు, ఎవరింట్లో వాళ్లు నేర్చుకున్నారు.

లెబనాన్‌లో ఇంకా పెద్ద ఖాళీ. 1975 నుంచి 1990 దాకా సాగిన అంతర్యుద్ధాన్ని ముగించిన తాయిఫ్ ఒప్పందం 1989లోనే దేశమంతటికీ ఒకే చరిత్ర పుస్తకం ఉండాలని రాసుకుంది. కమిటీలు వచ్చాయి, ముసాయిదాలు వచ్చాయి, ఒప్పుదల మాత్రం కుదరలేదు. బడి చరిత్ర దాదాపు స్వాతంత్ర్యం దగ్గరే ఆగిపోతుంది. యుద్ధం గురించి పిల్లవాడికి తెలిసేది తన వర్గం పెద్దలు చెప్పినదే. పక్క వీధి పిల్లవాడికి తెలిసిన యుద్ధం ఇంకొకటి. ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి, దేనికి ఏ ఆధారం ఉందో అడగగల ఒకే ఒక చోటు తరగతి గది. దాన్ని మూసేస్తే ఇంటి కథలను పరీక్షించేవాళ్లుండరు.

జర్మనీని అందరూ ఉదాహరణగా చూపిస్తారు, మొదటి పదిహేనేళ్లను మర్చిపోయి. 1950లలో పశ్చిమ జర్మనీ తరగతి గదుల్లో నాజీ కాలం గురించి చెప్పింది చాలా తక్కువ, చెప్పినా తప్పంతా హిట్లర్ అనే ఒక్క మనిషి మీద వేసి ముగించేవారు. 1959 క్రిస్మస్ నాడు కొలోన్ నగరంలో యూదుల ప్రార్థనా మందిరం గోడల మీద స్వస్తిక గుర్తులు, యూదు వ్యతిరేక రాతలు వెలిశాయి. అలాంటివి దేశమంతటా వందల చోట్ల మొదలయ్యాయి. ఆ కుదుపుతోనే 1960లో రాష్ట్రాల విద్యామంత్రుల సమాఖ్య ఇటీవలి గతాన్ని బళ్లలో తప్పనిసరిగా, వివరంగా చెప్పాలని తీర్మానించింది. 1963 నుంచి 1965 దాకా ఫ్రాంక్‌ఫర్ట్‌లో నాజీల ఆష్విట్జ్ మరణ శిబిరం మీద విచారణ జరిగి, కాపలాదారులు, గుమాస్తాలు, డాక్టర్లు పేర్లతో సహా బోనెక్కారు. అప్పటికిగానీ కర్తలు ఒక్కొక్కరే వాక్యంలోకి రాలేదు. ఈ వరస గుర్తుపెట్టుకోవాలి. ఆ దేశం పుట్టుకతో నిజాయితీ గలది కాదు. మౌనం ఏం పెంచిందో చూశాకే మాట్లాడింది.

పేరులోనే సగం పాఠం

1918లో ఫిన్లాండ్‌లో కొన్ని నెలలు యుద్ధం జరిగింది. 30 లక్షల పైచిలుకు జనాభా ఉన్న దేశంలో 36,000 మందికి పైగా పోయారు. అందులో 12,000 మందికి పైగా ఓడిపోయిన ఎర్రదళం (సోషలిస్టుల పక్షం) ఖైదీలు, శిబిరాల్లో ఆకలితో, జబ్బులతో చనిపోయారు. గెలిచినవాళ్లు దానికి "విమోచన యుద్ధం" అని పేరు పెట్టారు. దశాబ్దాల పాటు బడి పుస్తకాలు అదే మాట వాడాయి. ఓడిపోయినవాళ్ల ఇళ్లలో దానికి వేరే పేర్లుండేవి. "అంతర్యుద్ధం" అన్న మాట అందరి నోటా స్థిరపడటానికి రెండు తరాలు పట్టింది. విమోచన అని పేరు పెట్టాక శిబిరంలో చచ్చిన ఖైదీని పాఠంలో ఎక్కడ ఉంచుతారు? ఆ పేరులో అతనికి చోటు లేదు.

జపాన్‌లో గొడవ ఒక్క క్రియ మీద నడిచింది. చైనా మీదికి వెళ్లిన సైన్యం "దురాక్రమణ" చేసిందని రాయకుండా "ముందుకు సాగింది" అని రాయమని పాఠ్యపుస్తకాల పరిశీలకులు సూచిస్తున్నారన్న వార్తలతో 1982లో చైనా, దక్షిణ కొరియా తీవ్రంగా నిరసించాయి. ఆ ఏడాదే పొరుగు దేశాలతో ముడిపడిన చరిత్ర విషయంలో తగిన శ్రద్ధ చూపాలన్న నిబంధనను పరిశీలన ప్రమాణాల్లో చేర్చారు. అంతకు ముందునుంచే, పుస్తకంలో తను రాసినవాటిని మార్చమన్నందుకు ఇయెనాగ సబురో అనే చరిత్రకారుడు ప్రభుత్వం మీద 1965లో మొదలుపెట్టి వరసగా మూడు దావాలు వేశాడు. చివరి తీర్పు 1997లో వచ్చింది. యుద్ధకాలంలో మనుషుల మీద ప్రయోగాలు చేసిన 731వ దళం ప్రస్తావన తొలగించమనడం చట్టవిరుద్ధమని జపాన్ సుప్రీంకోర్టు చెప్పింది. పాఠ్యపుస్తకాలను పరిశీలించే అధికారం ప్రభుత్వానికి ఉందని కూడా చెప్పింది. 32 ఏళ్ల పోరాటంలో దక్కింది పాక్షిక విజయమే.

ఫ్రాన్స్ 2005లో ఇంకో దారి పట్టింది. విదేశాల్లో, ముఖ్యంగా ఉత్తర ఆఫ్రికాలో ఫ్రెంచి ఉనికి పోషించిన "సానుకూల పాత్ర"ను బడి పాఠ్యప్రణాళికలు గుర్తించాలని ఫిబ్రవరి 23 నాటి చట్టంలో నాలుగో అధికరణం రాసింది. చరిత్రకారులు తిరగబడ్డారు, ఏడాది తిరిగేలోపే ఆ వాక్యాన్ని తీసేశారు. ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఏ అంశం చెప్పాలో ప్రభుత్వం నిర్ణయించడం పాఠ్యప్రణాళిక. చెప్పి ఏ తీర్పుకు రావాలో కూడా నిర్ణయించడం ప్రచారం. ఆ తీర్పు మనకు నచ్చినదైనా సరే అది ప్రచారమే. చేదు చరిత్ర చెప్పాలనేవాళ్లు కూడా ఈ గీత దాటుతుంటారు.

గర్వం, సిగ్గు, బాధ్యత

దేశం మీద ప్రేమ తగ్గుతుందన్నది రెండో అభ్యంతరం. దీని వెనుక ఒక నిజమైన భయం ఉంది: పన్నెండేళ్ల పిల్లకు తను పుట్టకముందు జరిగిన నేరాన్ని అంటగట్టడం అన్యాయం. అవును, అన్యాయమే. అందుకే టీచరు నోటి నుంచి తరగతిలో రాకూడని మాట ఒకటుంది: "మనం చేశాం." రెండో మాట: "మీవాళ్లు చేశారు." ఏ పేరుగల అధికారి, ఏ దళం, ఏ ప్రభుత్వం, ఏ ఊరి గుంపు చేసిందో అదే చెప్పాలి. వాక్యానికి సరైన కర్త దొరికితే తరగతిలోని పిల్లల మీద ఉన్న బరువు సగం దిగిపోతుంది. కర్త లేని వాక్యాల వల్ల జరిగే రెండో నష్టం ఇదే. చేసినవాడి పేరు లేని చోట నింద జాతి మొత్తం మీద, కులం మొత్తం మీద, మతం మొత్తం మీద వాలుతుంది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన వెంటనే జర్మన్ తత్త్వవేత్త కార్ల్ యాస్పర్స్ ఈ చిక్కుముడిని విప్పే ప్రయత్నం చేశాడు. చట్టం ముందు నేరం, పౌరుడిగా రాజకీయ బాధ్యత, మనస్సాక్షి ముందు నైతిక దోషం, సాటి మనిషి నాశనాన్ని చూస్తూ బతికి ఉన్నందుకు కలిగే లోతైన దోష భావన అని నాలుగింటిని వేరుచేశాడు. నేరం, దాన్ని చేసినవాడితోనే ఉంటుంది. రాజకీయ బాధ్యత మాత్రం రాజ్యంతో పాటు కొనసాగుతుంది. ఆస్తి పంచుకున్న వారసుడు అప్పు నేను చెయ్యలేదని తప్పించుకోలేడు, అలాగని అతన్ని దొంగ అనరు. 2008 ఫిబ్రవరి 13న ఆస్ట్రేలియా పార్లమెంటులో ప్రధాని కెవిన్ రడ్, ఆదివాసీ కుటుంబాల నుంచి ప్రభుత్వం లాక్కుపోయిన పిల్లల తరాలకు క్షమాపణ చెప్పాడు. ఆ పిల్లలను ఆయన లాక్కుపోలేదు. లాక్కుపోయే చట్టాలు చేసిన ప్రభుత్వాల వారసుడిగా మాట్లాడాడు. పదమూడేళ్ల పిల్లలకు ఈ తేడా చక్కగా అర్థమవుతుంది, చెప్పేవాళ్లుంటే.

ఏ వయసులో ఏది

ఇక్కడ వద్దనేవాళ్ల మాటలో పూర్తి న్యాయం ఉంది: అన్నీ అందరికీ చెప్పకూడదు. అమెరికాలోని హోలోకాస్ట్ (నాజీలు సాగించిన యూదుల ఊచకోత) స్మారక మ్యూజియం ఆ ఊచకోత చరిత్రను 6వ తరగతి, ఆపైవాళ్లకే సూచిస్తుంది. అంతకంటే చిన్నవాళ్లు ఒక వ్యక్తి బాధను అర్థం చేసుకోగలరు గానీ దాన్ని పెద్ద చారిత్రక సందర్భంలో పెట్టుకోలేరు. సందర్భం లేని బాధ వాళ్లకు భయంగానే మిగిలిపోతుంది.

మరి చిన్న తరగతులకు ఏమీ వద్దా? కెనడా చేసిన పని చూడండి. అక్కడ వందేళ్లకు పైగా మూలవాసుల పిల్లలను, సుమారు 1,50,000 మందిని, ఇళ్ల నుంచి తీసుకెళ్లి ఆశ్రమ బళ్లలో పెట్టారు. సొంత భాష మాట్లాడనివ్వలేదు. వేలమంది అక్కడే చనిపోయారు. అంటే బడే నేరస్థలం. ఆ బళ్లలో జరిగినదాన్ని విచారించిన సత్య, సయోధ్య కమిషన్ 2015లో 94 చర్యలు కోరింది. అందులో 62వది, ఈ చరిత్రను మొదటి తరగతులనుంచి పన్నెండో తరగతి దాకా వయసుకు తగినట్టు తప్పనిసరి చెయ్యమంటుంది. చిన్నపిల్లలకు అక్కడ చాలా బళ్లలో ఒక చొక్కా కథతో మొదలుపెడతారు. 1973లో ఆరేళ్ల పాప నాయనమ్మో అమ్మమ్మో ముచ్చటపడి కొనిచ్చిన నారింజ రంగు చొక్కాతో ఆశ్రమ బడికి వెళ్తే, మొదటి రోజే దాన్ని లాగేసుకున్నారు, మళ్లీ ఇవ్వలేదు. సెప్టెంబరు 30న పిల్లలు నారింజ రంగు చొక్కాలు వేసుకునేది అందుకే. ఈ కథలో చావు లేదు, నెత్తురు లేదు. అన్యాయం మాత్రం మొత్తం ఉంది. ఆరేళ్ల పిల్లకు తన వస్తువు లాక్కోవడమంటే ఏమిటో తెలుసు. పదో ఏట ఆ బళ్లు ఎవరు పెట్టారో, పద్నాలుగో ఏట ఏ చట్టం కింద పెట్టారో, పదహారో ఏట ఆ చట్టాన్ని సమర్థించినవాళ్లు ఏమని వాదించారో చదువుతారు. ముందు చెప్పినది తర్వాతి తరగతిలో అబద్ధం కాకపోవడమే ఈ మెట్ల రహస్యం. చిన్నప్పుడు తియ్యటి కథ చెప్పి, పెద్దయ్యాక "అసలు జరిగింది ఇది" అంటే పిల్లలు రెండోదాన్నీ నమ్మరు.

ఒక పాఠం, మూడు పీరియడ్లు

పద్ధతిని ఒక సంఘటన మీద చూద్దాం. 1919 ఏప్రిల్ 13, అమృత్‌సర్, జలియన్‌వాలా బాగ్. తొమ్మిది, పది తరగతులు, 45 నిమిషాల పీరియడ్లు మూడు.

మొదటి పీరియడులో స్థలం, వరస. బాగ్ పటం ఒకటి బోర్డు మీద గీయాలి: చుట్టూ ఇళ్ల గోడలు, లోపలికి ఇరుకు సందు. బ్రిటిష్ సైనికాధికారి డయ్యర్ సుమారు 90 మంది సిపాయిలతో వచ్చాడు. వాళ్లలో తుపాకులున్నది 50 మంది దగ్గర. మెషిన్ గన్లు అమర్చిన కవచ వాహనాలు సందులో పట్టక బయటే ఆగాయి. హెచ్చరిక లేదు. సుమారు పది నిమిషాలు కాల్చారు, 1,650 తూటాలు. రాత్రి కర్ఫ్యూ వల్ల గాయపడ్డవాళ్ల దగ్గరికి సొంతవాళ్లు కూడా రాలేకపోయారు. ఇవన్నీ విచారణలో తేలిన వివరాలే. విశేషణాలు వద్దు. "దారుణం", "కిరాతకం" అనే మాటలు టీచరు వాడకూడదు. 1,650 అన్న అంకె, ఇరుకు సందు ఆ పని చేస్తాయి. విశేషణం టీచరు ఇచ్చేస్తే పిల్లవాడికి ఆలోచించే పని మిగలదు.

రెండో పీరియడులో ఆధారాలు. తరగతిని నలుగురైదుగురి గుంపులుగా చేసి నాలుగు కాగితాలు పంచాలి: ప్రభుత్వం విచారణకు వేసిన హంటర్ కమిటీ చెప్పిన 379 మరణాల లెక్క, కాంగ్రెస్ విచారణ చెప్పిన దాదాపు 1,000 లెక్క, కమిటీ ముందు డయ్యర్ ఇచ్చిన వాంగ్మూలంలో ఒక భాగం, 1920లో బ్రిటిష్ పార్లమెంటులో జరిగింది. ప్రతి కాగితం నూటయాభై మాటలు మించకూడదు. మించితే చదివేవాడొక్కడు, వినేవాళ్లు నలుగురు అవుతారు. ప్రతి గుంపూ నాలుగు ప్రశ్నలకు జవాబు రాయాలి: ఇది ఎవరు రాశారు, ఎవరి కోసం, వాళ్లకు తెలిసే అవకాశం ఎంత, వాళ్లకు దాచాల్సిన అవసరం ఏమైనా ఉందా?

రెండు అంకెలు ఎందుకు తేడాగా ఉన్నాయన్న దగ్గరే అసలు చదువు జరుగుతుంది. సైనిక పాలన పెట్టిన ఊళ్లో, మా అన్న ఆ సభకు వెళ్లి చనిపోయాడని అధికారుల ముందు చెప్పుకోవడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది? వివరాలు కొన్ని నెలల తర్వాత సేకరించారు. పొరుగూళ్ల నుంచి వచ్చినవాళ్ల పేర్లు ఊళ్లో ఎవరికి తెలుసు? పిల్లలు ఈ కారణాలు తామే ఊహించగలరు, అయిదు నిమిషాలు ఆగితే. చాలామంది టీచర్లు ఆగలేక జవాబు చెప్పేస్తారు. ఇక్కడే ఇంకో హెచ్చరిక: లెక్కల్లో తేడా ఉందంటే సంఘటనే అనుమానమని కాదు. ఎంతమంది అన్నది వివాదం. కాల్పులు జరిగాయన్నది, ఎవరు ఆజ్ఞ ఇచ్చారన్నది వివాదం కాదు, డయ్యరే ఒప్పుకున్నాడు. ఈ రెండింటి మధ్య గీత బోర్డు మీద నిజంగా గీసి చూపించాలి. నిరాకరించేవాళ్లు ఎప్పుడూ మొదటి పెట్టెలోని అనుమానాన్ని రెండో పెట్టెలోకి జార్చేస్తారు.

మూడో పీరియడులో కష్టమైన ప్రశ్నలు. కాల్చినవాళ్లు బ్రిటిష్ ఇండియా సైన్యంలోని గూర్ఖా, బలూచ్ తదితర సిపాయిలు. ఆజ్ఞ ఇచ్చినవాడొకడు, తుపాకి పేల్చిన వేళ్లు ఇంకొకరివి. బ్రిటన్‌లో దిగువ సభ డయ్యర్‌ను తప్పుపడితే, ప్రభువుల సభ అతని పక్షాన ఓటేసింది. అతని కోసం ఒక పత్రిక విరాళాలు పోగుచేస్తే జనం ఇచ్చారు. అంటే "వాళ్లందరూ ఒకటే" అనే మాట నిలవదు, "మనవాళ్లందరూ ఒకవైపే" అన్న మాటా నిలవదు. ఈ పీరియడు లేకుండా మొదటి రెండూ చెబితే అది చేదు చరిత్ర పాఠం కాదు, సులువైన పాఠం. తన దేశం బాధితురాలైన చోట నిజం చెప్పడానికి ఏ పాఠ్యపుస్తకానికీ ధైర్యం అక్కర్లేదు. అసలు కొలత వేరే చోట ఉంది: మనవాళ్లు తప్పు చేసిన పేజీ ఒక్కటైనా, అవతలివాళ్లలో ఒకడు మంచి చేసిన పేజీ ఒక్కటైనా పుస్తకంలో ఉందా?

చివరి పది నిమిషాలు శవాల దగ్గర ముగించకూడదు. ఆ తర్వాత ఏమైందో, ఎవరు నిలదీశారో, విచారణ ఎలా సాధించారో దానితో ముగించి, పిల్లలు ఒక్క వాక్యం రాసి ఇచ్చి వెళ్లాలి. సెలవుల ముందు రోజు ఆఖరి పీరియడులో ఇలాంటి పాఠం పెట్టకండి. అడగాలనుకున్న ప్రశ్నను పిల్ల ఇంటికి మోసుకెళ్లి ఒంటరిగా కూర్చుంటుంది.

ఎక్కడ చెడిపోతుంది

అన్నిటికంటే ఎక్కువ చెడగొట్టేది నటన. సగం మంది బానిసలు, సగం మంది యజమానులు. లేదా తరగతి గదిని కిక్కిరిసిన రైలు పెట్టెగా మార్చడం. ఉద్దేశం మంచిదే, అనుభవిస్తే అర్థమవుతుందని. జరిగేది వేరు. కొందరు నవ్వుతారు, కొందరికి అధికారం రుచి తగులుతుంది, నిజంగా ఆ చరిత్ర గల ఇంటినుంచి వచ్చిన పిల్ల అందరి ముందు మళ్లీ అవమానపడుతుంది. పది నిమిషాల ఆటతో ఆ బాధ తెలిసిపోయిందన్న భ్రమ మిగలడం అన్నిటికన్నా చెడ్డది. ఆ కాలపు ఉత్తరం ఒకటి నెమ్మదిగా చదివితే ఇంతకంటే ఎక్కువ తెలుస్తుంది.

రెండోది ఫొటోలు. గుట్టలుగా పడిన శవాల బొమ్మ చూసిన పిల్ల తల తిప్పుకుంటుంది, లేదా అలవాటు పడుతుంది. రెండూ చదువుకు అడ్డే. పైగా ఆ ఫొటోల్లో చాలావాటిని తీసింది చంపినవాళ్లే. చనిపోయినవాళ్లు బతికున్నప్పటి ఫొటో చూపించాలి: పెళ్లిది, బడిది, దుకాణం ముందు నిలబడినది. పోయినదేమిటో అప్పుడు తెలుస్తుంది.

బాధిత సమూహానికి చెందిన పిల్లను "నువ్వు చెప్పమ్మా, మీ ఇంట్లో ఏమనేవారు?" అని లేపడం ఇంకో పొరపాటు. ఆమె విద్యార్థి, సాక్షి కాదు. తనంతట తాను మాట్లాడితే వినాలి. పాఠానికి ముందు ఆమెను పక్కకు పిలిచి రేపు ఏం చెప్పబోతున్నామో చెప్పి, కావాలంటే లేచి బయటికి వెళ్లే వీలుందని చెప్పడం మర్యాద.

కాపాడినవాళ్ల కథలతో పాఠాన్ని నింపెయ్యడం మంచి మనసుతో చేసే తప్పు. యూదులను కాపాడిన ఇతరులుగా ఇజ్రాయెల్‌లోని యాద్ వాషెమ్ సంస్థ గుర్తించినవాళ్లు సుమారు 28,000 మంది. హతులు దాదాపు 60 లక్షలు. పాఠంలో సగం కాపాడినవాళ్లే ఉంటే పిల్లలకు లోకం తలకిందులుగా కనిపిస్తుంది. వాళ్ల గురించి తప్పకుండా చెప్పాలి, అంత అరుదుగా ఎందుకున్నారన్న ప్రశ్నతో కలిపి.

రెండు వైపులా చెప్పాలన్న సూత్రాన్ని గుడ్డిగా వాడటం చివరిది. దీనికి పశ్చిమ జర్మనీలో 1976లో బాయిటెల్స్‌బాఖ్ అనే ఊళ్లో కుదిరిన ఒప్పందం ఇప్పటికీ మంచి కొలబద్ద. టీచరు తన అభిప్రాయంతో పిల్లలను ముంచెత్తకూడదు. సమాజంలో, పరిశోధనలో వివాదంగా ఉన్నది తరగతిలోనూ వివాదంగానే కనిపించాలి. పిల్లలు తమ సొంత స్థితిని బట్టి విశ్లేషించుకోగలగాలి. రెండో సూత్రంలోని మెలిక చూడండి. పరిశోధనలో వివాదంగా ఉన్నదే వివాదం. రుజువైన ఊచకోతకు "జరగలేదనేవాళ్ల వాదన" అని ఒక పీరియడు కేటాయించడం నిష్పాక్షికత అనిపించుకోదు.

తల్లిదండ్రుల విషయం క్లుప్తంగా: పాఠానికి వారం ముందు ఒక పేజీ పంపి, ఏ ఆధారాలు చదివిస్తున్నారో జత చెయ్యాలి. అనుమతి అడిగే కాగితంలా రాయకూడదు. గొడవల్లో ఎక్కువ భాగం పాఠం చూడకుండా, పాఠం గురించి విన్నదాని మీద వస్తాయి.

పరీక్ష మారకపోతే

ఇంత చేసి, ఏడాది చివర "కారణాలు అయిదు రాయండి, 5 మార్కులు" అని అడిగితే అంతా వృథా. పిల్లలు పరీక్షకే చదువుతారు, అందులో వాళ్ల తప్పు లేదు. ఊచకోతకు అయిదు కారణాలు బట్టీ పట్టిన పిల్లవాడికి అది భూమి కోతకు అయిదు కారణాల్లాంటిదే. మార్చాల్సింది చిన్నదే: పుస్తకంలో లేని ఒక ఆధారం, ఎనిమిదో పదో వాక్యాలు, ప్రశ్నపత్రంలోనే అచ్చువేసి, "దీన్ని ఎవరు రాసి ఉంటారు, ఏ మాటను బట్టి అలా అనుకుంటున్నావు, దీన్ని సరిచూసుకోవడానికి ఇంకేం కావాలి?" అని అడగాలి. ఇంకో మంచి ప్రశ్న కర్త లేని వాక్యం ఇచ్చి కర్తతో తిరగరాయమనడం. "కాల్పులు జరిగాయి" అన్నదాన్ని సరిగ్గా పూరించాలంటే ఎవరు, ఎవరి ఆజ్ఞతో, ఎవరి మీద అన్న మూడూ తెలిసుండాలి. దిద్దడం సులువు, బట్టీకి లొంగదు.

ఇద్దరు కలిసి రాసిన పుస్తకాలు

పగతో మిగిలిన రెండు దేశాలు ఒకే పుస్తకం రాసుకోవడం కుదరని పని అనిపిస్తుంది. ఫ్రాన్స్, జర్మనీ కుదిర్చాయి. 2003లో రెండు దేశాల యువకుల సభ అడిగితే, 2006లో మొదటి సంపుటం వచ్చింది, 2011 నాటికి మూడూ పూర్తయ్యాయి. రెండు భాషల్లోనూ ఒకే పాఠం. అయితే దానికి ముందు అర్ధ శతాబ్దపు శాంతి ఉంది. పోలండ్, పశ్చిమ జర్మనీ చరిత్రకారుల పాఠ్యపుస్తక సంఘం 1972లో మొదలైతే ఉమ్మడి పుస్తకాల వరస రావడానికి 2016 దాకా పట్టింది. తొందరపడితే రెండు పక్షాలూ ఒప్పుకునే అతి తక్కువ మాటలతో ఒక చప్పటి పుస్తకం వస్తుంది. అందులో కర్తలుండరు.

శాంతి లేని చోట ఇంకో ప్రయత్నం జరిగింది. ఇజ్రాయెలీ, పాలస్తీనా టీచర్లు కొందరు డాన్ బార్-ఆన్, సామీ అద్వాన్ అనే ఇద్దరు ఆచార్యులతో కలిసి 2000ల మొదట్లో ఒక పాఠ్యగ్రంథం తయారుచేశారు. ఒకే కథనానికి రావాలని వాళ్లు ప్రయత్నించలేదు. ప్రతి పేజీనీ మూడు నిలువు గడులుగా విభజించారు. ఒక పక్క ఇజ్రాయెలీ కథనం, ఇంకో పక్క పాలస్తీనా కథనం. ఇజ్రాయెల్ ఏర్పడిన 1948 ఒక గడిలో స్వాతంత్ర్యం, ఇంకో గడిలో నక్బా, అంటే మహా విపత్తు. రెండు వైపులా విద్యాశాఖలు దాన్ని బడి పుస్తకంగా ఒప్పుకోలేదు. వాడిన టీచర్లు ఇబ్బందులు పడ్డారు. అవతలి గడి చదివి పిల్లలు కోపగించుకున్నారు, ఇది ప్రచారమన్నారు. ఆ తర్వాత కొందరు తమ గడినీ అదే కళ్లతో చదవడం మొదలుపెట్టారు. రెండు కథనాల మధ్య గడిలో అచ్చు ఏమీ లేదు, గీతలు మాత్రమే ఉన్నాయి. అది పిల్లలు రాసుకోవడానికి వదిలిన చోటు.